సాక్షిగారి పక్షపాతం

లోవెల్ నొవాట్నీ ఇటు లాయరూ కాలేదు, అటు డాక్టరూ కాలేదు. లా, క్లినికల్ సైకాలజీ రెండూ కలిపి ఏడేళ్ల చదువు. ఇప్పటికి నాలుగో ఏడు. లా కాలేజీలో "రండి డాక్టరుగారూ" అని ఏడిపిస్తారు. సైకాలజీ వాళ్లేమో "ప్లీడరుగారొచ్చారు, నోరు జాగ్రత్త" అంటారు.

ఎదుటివాళ్ల మనసులో మాట రాబట్టడం ఒక చదువు నేర్పింది. తన మనసులో మాట చచ్చినా ఒప్పుకోకూడదని రెండోది నేర్పింది. అలాంటివాడు ప్రేమలో పడితే ఏమవుతుంది? అదే అయింది.

మార్నీ లిండ్‌క్విస్ట్‌ది లా ఆఖరి సంవత్సరం. ఏడాదిగా లైబ్రరీలో ఆమెది అతని పక్క కుర్చీ. పోయిన వారం కాఫీ తాగుతూ చల్లగా చెప్పింది.

"అలాస్కాలో ఒక జడ్జిగారి దగ్గర ఉద్యోగం వచ్చింది లోవెల్. వచ్చే నెలే ప్రయాణం."

లోవెల్ "వెళ్లకు" అనాలి. కనీసం "అయ్యో" అనాలి. క్లినిక్‌లో పేషెంట్లని అడిగి అడిగి నాలుకకి అలవాటైన మాట ఒకటుంది, అది వచ్చింది.

"దాని గురించి నీకెలా అనిపిస్తోంది?"

మార్నీ కప్పు ఠక్కున కింద పెట్టింది. "ఓహో, నేను పేషెంటునా? అయితే మందులు కూడా రాసివ్వు!"

"మందులు రాసే అధికారం మాకు లేదు," అన్నాడు మహానుభావుడు.

ఆమె లేచి వెళ్లిపోయింది. మళ్లీ మాట్లాడలేదు.

ఇవాళ లా కాలేజీలో ఉత్తుత్తి కోర్టు. విచారణను అర్థం చేసుకునే స్థితి ముద్దాయికి ఉందని లోవెల్ మానసిక నిపుణుడి పాత్రలో సాక్ష్యం చెప్పాడు. లేదని వాదించే పక్షం మార్నీది. ఎదురు ప్రశ్నలకి ఆమే లేచింది.

"డాక్టర్ నొవాట్నీ, మీ అభిప్రాయం నిష్పక్షపాతమైనదేనా?"

"ఈ కేసులో... అవును."

"అంటే మీకు పక్షపాతం వేరే ఉందన్నమాట. ఎవరి మీద?"

వెనక బెంచీలవాళ్లు ఉలిక్కిపడ్డారు. లాయరు తనకి జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదు. లా కాలేజీలో మొదటి పాఠమే అది!

లోవెల్ ఏం చేస్తాడు? ఉత్తుత్తిదైనా, నిజమే చెబుతానని ప్రమాణం చేసి కూర్చున్నాడాయె.

"మీ మీద," అన్నాడు. "ఏడాదిగా."

హాలు నవ్వులతో ఘొల్లుమంది. జడ్జి కుర్చీలో ఉన్న రిటైర్డ్ జడ్జి ఓడెల్ అమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ అమ్మాయి మీద ఇంత ప్రేమ పెట్టుకుని, ఆమెకే వ్యతిరేకంగా చెప్పావంటే అది నిజమే అయ్యుంటుంది నాయనా. ఈ సాక్షిని నమ్ముతున్నాను."

అలా మార్నీ కేసు ఓడిపోయింది.

బయట వాన. లోవెల్ చేతిలో గొడుగుంది, విప్పాలని తోచక తడుస్తున్నాడు. మార్నీ వచ్చి గొడుగు లాక్కుని విప్పింది.

"నీ ధర్మమా అని ఓడిపోయాను."

"నువ్వే కదా జవాబు తెలియని ప్రశ్న అడిగావు!"

"తెలియదని ఎవరు చెప్పారు?"

లోవెల్ గిరుక్కున ఆమెకేసి తిరిగాడు.

"ప్రమాణం చేయిస్తే తప్ప నీ నోట రాదని కూడా తెలుసు," అంది మార్నీ. "అలాస్కాలో ఏడాదే పని. నీకింకా మూడేళ్ల చదువుంది. వెళ్లి, తిరిగి నీ దగ్గరికే వస్తాను. దాని గురించి నీకెలా అనిపిస్తోంది?"

"ఏడుపొస్తోంది," అన్నాడు లోవెల్. "సంతోషంగా కూడా ఉంది."

"హమ్మయ్య," అంటూ మార్నీ అతన్ని గొడుగు కిందికి లాక్కుంది.