తూములో ఏడుపు

గుమ్మడిదల దాటాక ఓ మందుల కంపెనీ ఉంది. దాని వెనక గోడ కింద, వాగులోకి తెరుచుకునే తూము. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. లోపల పసిపిల్ల ఏడుస్తుందట... విన్నవాళ్లు జ్వరంతో మంచం పడతారట. పక్కనున్న తుమ్మకొమ్మకు నిమ్మకాయలు, ఎర్రగుడ్డలు వేలాడుతుంటాయి.

ఈ సంగతి నాకు శ్రీవాణి చెప్పింది. చెబుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉంది. విన్న నాకూ ఒళ్లు మండింది. అందుకే ఏదీ దాచకుండా చెబుతున్నాను.

శ్రీవాణి జీవశాస్త్రవేత్త. కాకినాడ తీరంలో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల ప్రాణం కాపాడడం అప్పట్లో ఆమె పని. బదిలీ మీద ఇటొచ్చాక మంజీర నదిలోని నీటికుక్కల సంరక్షణ ఆమె చేతికొచ్చింది. పోయిన వానాకాలం ఆ తూములోంచే ఓ నీటికుక్క పిల్లను బయటికి తీసి, "ఇదే మీ దెయ్యం!" అని ఊరందరికీ చూపించింది. అందరూ నవ్వారు. నిమ్మకాయలు మాత్రం విప్పలేదు.

ఈ ఎండాకాలం ఓ రాత్రి నర్సింహమ్మ ఫోన్ చేసింది. వాగు పక్కనే ఆమె పొలం.

"బిడ్డా... నిన్నటిసంది ఏడుస్తున్నది. నువ్వు జెప్పిన గా నీటికుక్క పిల్లనే గావచ్చు. ఊర్లె ఒక్కడు రానంటున్నడు. జెర జల్దీ రా."

నిన్నటి నుంచి! తల్లి లేని పిల్ల అంతసేపు బతకదు. వల, తడి తువ్వాళ్లు జీపులో పడేసుకుని బయల్దేరింది శ్రీవాణి.

వాగు దగ్గర నర్సింహమ్మ ఎదురుచూస్తోంది. వాగు నిండా తెల్లటి నురగ. ముక్కు మండే వాసన. గోడ దగ్గర టార్చి వెలిగింది — రెండో చేతిలో నీళ్ల సీసాతో కంపెనీ వాచ్‌మన్ వెంకటేశం.

"పోకుర్రి మేడం..." దారికి అడ్డం వచ్చాడు. "నీటికుక్క గాదు. గది దెయ్యమే. ఒట్టు."

"జరుగన్నా," అంది శ్రీవాణి.

ఆగి వింది... ఏడుపు. సన్నగా, తెగి తెగి... ఆగిపోయింది. మళ్లీ...

నీటికుక్క పిల్ల ఈల వేసినట్టు అరుస్తుంది. ఇది ఈల కాదు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా వంగి, తూము నోట్లోకి టార్చి కొట్టింది. ఇనుప జాలీ. దానికి తాళం — మెరిసిపోతున్న కొత్త తాళం.

భయం ఎటుపోయిందో, కోపం నషాళానికంటింది. దెయ్యానికి నిమ్మకాయలు కడతారు గానీ, తాళం వేస్తారా ఎవరైనా?

"తాళంచెవి ఏదీ, అన్నా?"

వెంకటేశం వెనక్కి జరిగాడు. నర్సింహమ్మ పొలంలోంచి గడ్డపార తెచ్చింది. ఆడవాళ్లిద్దరూ కలిసి తాళం పగలగొట్టారు. జాలీ లాగగానే నురగలోంచి ఒక చెయ్యి జారి బయటపడింది.

మనిషి చెయ్యి.

చంకల కింద చేతులు వేసి ఒడ్డుకు లాగారు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఒంటి మీద కంపెనీ చొక్కా. ఒడ్డున పడ్డ డాల్ఫిన్‌కు చేసినట్టే, ముక్కూ నోరూ తుడిచి ఊపిరి ఆడుతోందా అని చూసింది శ్రీవాణి. బొబ్బలెక్కిన చేతుల మీద తడి తువ్వాళ్లు పరిచింది. నర్సింహమ్మ 108కి ఫోన్ కలిపింది.

"ఈ పిలగాడు ఎవరు, అన్నా?" శ్రీవాణి అరిచింది.

వెంకటేశం దూరంగానే నిలబడ్డాడు.

"ఒరిస్సా పిలగాడు మేడం... నిన్న పైపు సాఫ్ చేయనీకి లోపలికి దింపిన్రు. గ్యాస్‌కు పడిపోయిండు. సచ్చిండని మేనేజర్ సారు జెప్పిండు. ఎవ్వలికి తెల్వకుండ తీస్తం, అప్పటిదాక తాళమెయ్యి అన్నడు... ఏసిన."

నాడి కూడా పట్టి చూడలేదట ఆ మహానుభావుడు. మందులు చేసి అమ్మేది వీళ్లు!

"మరి నిన్నటిసంది ఏడుస్తుంటే నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది మేడం..." గొంతు తగ్గించాడు. "సచ్చినోడు ఏడుస్తుండు గదా... దెయ్యమైండనుకున్న."

శ్రీవాణి ఒళ్లో ఆ పిల్లవాడి పెదాలు కదిలాయి.

"పానీ..."

అది విని వెంకటేశం కెవ్వుమన్నాడు. చేతిలోని నిండు నీళ్ల సీసాతో సహా గేటు వైపు పరుగెత్తాడు.