ఆరో కెమెరా

రాడ్డు మోకాలి చిప్ప మీద పడింది!

పరుశురాం గావుకేక పెడతాడు. ఎవరికీ వినపడదు. గోడ అవతల నూట ఇరవై మగ్గాలు హోరెత్తుతున్నాయి. సూరత్ పక్కనున్న సచిన్‌లోని ఈ షెడ్లో పని పాళీ నడుస్తుంటే పక్కవాడు చచ్చినా తెలియదు.

నిన్న బావ మల్లేష్ అలాగే చచ్చిపోయాడు.

షెడ్ మాస్టర్ బ్రహ్మచారి ఆఫీసు గదికి లోపలి నుంచి గడియ వేస్తాడు. చేతిలో ఇనుప రాడ్డు. నడుములో ఒకే తూటా పట్టే నాటు పిస్తోలు.

"కెమెరాలు ఎందుకు సాఫ్ జేసినవ్ తమ్మీ?"

పరుశురాం మోకాలు పట్టుకుంటాడు.

ఈ షెడ్‌కి కెమెరాలు పెట్టింది తనే. రికార్డింగ్ రెండు నెలలు చెరిగిపోకుండా ఉండాలి, కొత్త డిస్క్ మాత్రం కొనను అన్నాడు యజమాని సేఠ్. సరేనని సెట్టింగులన్నీ అడుగుకి దించేసింది కూడా తనే. అందుకే నిన్నటి రికార్డింగులో ఒక మసక ముద్ద ఇంకో మసక ముద్దని కొడుతుంది. అంతే! ఇందులో మొహం ఎక్కడుందయ్యా అని పోలీసులు నవ్వి వెళ్ళిపోయారు. మగ్గంలో చొక్కా ఇరుక్కుని పోయాడని రాసుకున్నారు.

అక్క కరుణ పొద్దున్నుంచి గేటు దగ్గరే కూర్చుంది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే మధ్యాహ్నం వచ్చి సెట్టింగులన్నీ పైకి లేపాడు. సేఠ్ ఇచ్చిన ఫోన్ యాప్‌లో బొమ్మ తేటపడటం బ్రహ్మచారి చూశాడు.

"బంద్ చెయ్యకు. బంద్ జేస్తే సేఠ్ ఫోన్ మోగుతది. నిన్నటి లెక్కనే బురద చెయ్."

బురద అయ్యాక ఏం జరుగుతుందో పరుశురాంకి తెలుసు. ఇంకో మసక ముద్ద. ఇంకో ప్రమాదం.

గోడ గడియారం... ఆరూ యాభై మూడు.

ఏడింటికి పాళీ మారుతుంది. తుడిచి నూనె వేయడానికి పది నిమిషాలు మగ్గాలన్నీ ఆగుతాయి. రాత్రి పాళీ వాళ్ళు నలభై మంది గేటు దగ్గర టీవీ కింద నిలబడతారు. మిమ్మల్ని చూస్తున్నాం అని పనివాళ్ళకి తెలియాలని సేఠ్ వేలాడదీసిన టీవీ అది. రోజూ అందులో మగ్గాల వరుసలే కనిపిస్తాయి.

ఏడు నిమిషాలు. బతకాలి!

ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఆరో కెమెరా. ఈ గదిదే, సరిగ్గా నెత్తి మీద. తెర మీద రెండు వరుసలు. సబ్ స్ట్రీమ్ ఫోన్లకి వెళ్తుంది. మెయిన్ స్ట్రీమ్ రికార్డర్‌కి, గేటు టీవీకి వెళ్తుంది.

బ్రహ్మచారికి ఆ తేడా తెలియదు. ఫోన్లో కనిపించిందే నమ్ముతాడు.

"జల్ది!"

"కెమెరా బంద్ అయ్యి మళ్ల చాలూ కావాలె మాస్టర్. జర టైం పడతది."

బూటు కాలు ఎడమచేతి మీద దిగింది. వేలు పుటుక్కుమంది! కళ్ళు బైర్లు కమ్మాయి. కుడిచెయ్యి మాత్రం మౌస్ వదల్లేదు.

సబ్ స్ట్రీమ్... బిట్‌రేట్ అట్టడుగుకి, బొమ్మ బురద.

మెయిన్ స్ట్రీమ్... బిట్‌రేట్ ఆఖరు అంచు దాకా, బొమ్మ అద్దం. సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు. ఆడియో ఆన్. గేటు టీవీలో ఆరో కెమెరా ఒక్కటే.

సేవ్.

బ్రహ్మచారి ఫోన్ చూసుకుంటాడు. రెండు మసక ముద్దలు. తృప్తిగా జేబులో వేసుకుంటాడు.

రాడ్డు పక్కటెముకల్లో దిగింది! పరుశురాం నేల మీద పడ్డాడు. నోట్లో ఉప్పగా రక్తం. ఇంకో దెబ్బ! ఇంకోటి...

మగ్గాలు ఆగిపోయాయి.

ఒక్కసారిగా నిశ్శబ్దం.

"మా బావను ఎందుకు సంపినవ్ మాస్టర్?" అడుగుతాడు పరుశురాం.

చచ్చేవాడికి చెబితే పోయేదేముంది అనుకున్నాడేమో బ్రహ్మచారి.

"నూలు దొంగతనంగ టెంపోల ఎక్కిస్తుంటే సూసిండు. నెత్తి మీద ఒక్కటిచ్చిన. అంగీ మగ్గంల ఇరికిచ్చిన. నిన్న వాడు, ఇయాల నువ్వు."

రాడ్డు పైకి లేచింది.

అక్కడే ఆగిపోయింది!

బయటి నుంచి ఒక గొంతు వినిపిస్తోంది. ఒక్క క్షణం ఆలస్యంగా... గేటు వైపు నుంచి... పెద్దగా.

'నిన్న వాడు, ఇయాల నువ్వు.'

తన గొంతే!

బ్రహ్మచారి తలెత్తి కెమెరా వంక చూస్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. రాడ్డు జారిపడింది. పిస్తోలు లాగాడు...

ఢాం!

ఆరో కెమెరా ముక్కలై రాలింది.

"బందయింది..." రొప్పుతున్నాడు.

"టీవీ బందయింది మాస్టర్," అంటాడు పరుశురాం నేల మీద నుంచి. "సూసెటోళ్లు ఇంక గేటుకాడ లేరు."

వరండాలో పరుగుల చప్పుడు. గడియ ఊడిపడింది! గుమ్మం నిండా మనుషులు. అందరికంటే ముందు కరుణ.

బ్రహ్మచారి ఆమె గుండెకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతాడు.

టిక్.

ఉన్న ఒక్క తూటా కెమెరాకి పోయింది.

కరుణ వంగి, కింద పడిన రాడ్డు అందుకుంటుంది.