ఒడ్డుకొచ్చాక చెప్పే మాట

బందరులో ఆ వీధంతా గంగరాజుగారిని అడ్మిరల్‌గారనే పిలుస్తుంది. డెబ్భై ఒకటి యుద్ధంలో సబ్‌మెరైన్‌కి కమాండరుగా పనిచేసి, తర్వాత ఆ హోదాదాకా ఎదిగిన మనిషి. ఇంట్లో మాత్రం, గుండె ఆపరేషనయిన ఈ నెల రోజులుగా, కాఫీలో చక్కెర ఎంతో కూడా భార్య మంగతాయారే నిర్ణయిస్తోంది.

ఆ ఉదయం కాఫీ తాగుతూ అడిగారు. "అక్క పంపే గోంగూర ఈ వారం కూడా రాలేదేం?"

"అవనిగడ్డ బస్సులు సరిగ్గా తిరగట్లేదటండీ," అంది ఆమె మొహం తిప్పుకుని.

అబద్ధమాడటం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. కాసేపటికి ఆయన మందుల చీటీ కోసం బీరువా తెరిస్తే, చీరల కింద ఒక కార్డు దొరికింది. అక్క మాణిక్యమ్మ ఫొటో, దాని కింద పెద్దకర్మ తేదీ. అది నిన్ననే అయిపోయింది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే.

"తాయారూ! ఇన్ని రోజులూ ఏమీ ఎరగనట్టు నాకు అన్నం పెట్టావా? ఇంత మోసమా?"

"చెబితే మీ ప్రాణానికే ముప్పన్నాడండీ డాక్టరు. నేనేం చెయ్యను? కబురొచ్చిన మంగళవారం తలస్నానం చేసి పెరట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. జలుబు చేస్తుందని మీరే కోప్పడ్డారు."

"నా అక్క చివరిచూపు అది! వద్దనడానికి నువ్వెవరు?"

"మరి కృపావరానికి వద్దనడానికి మీరెవరండీ?"

యుద్ధంలో, సముద్రం అడుగున ఉండగా, బంటుమిల్లి నావికుడు కృపావరం తల్లి పోయిందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. వెనక్కి తిరిగే వీల్లేదు. అతని మనసు చెదిరితే అందరికీ ప్రమాదం. ఆ కాగితాన్ని గంగరాజుగారు పద్దెనిమిది రోజులు జేబులో దాచి, ఒడ్డుకొచ్చాకే చెప్పారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవారు.

"మీరు చేసిందే చేశాను," అంటూ ఏడ్చింది మంగతాయారు.

ఆయన మంచం మీద కూలబడ్డారు. "వాళ్లమ్మకి ఏ రంగు చీర కొనమంటారు సార్ అని అడిగాడు తాయారూ. కాగితం నా జేబులో ఉంది. ఆకుపచ్చ అన్నాను. తర్వాత చెబితే, ఒక్కమాట అనకుండా సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు. అర్థం చేసుకున్నాడనే అనుకున్నాను, ఇరవై ఏడేళ్లూ."

చావు కబురు విన్నాక స్నానం చేయాలి. మంగతాయారు నీళ్లు కాచి, పెరట్లో పీట వేసి, ఆయన్ని కూర్చోబెట్టి తలమీద పోసింది. ఆయన వెక్కివెక్కి ఏడ్చారు.

"ఇక లేవండి, జలుబు చేస్తుంది."

"ఇంకొక్క చెంబు పొయ్యి," అన్నారాయన. "కృపావరం వాళ్లమ్మకి."