ట్రయల్‌కి వచ్చిన వ్యాను

పొద్దున్నే స్కూలు వ్యాను ఎక్కిన కోడలు మీటరు చూసి కంగారుపడింది. "ఇదేంటండీ, సగమే ఉంది? నిన్న సాయంత్రం ఛార్జింగ్ పెట్టానుగా!"

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూనే విసుక్కున్నాడు. "పెట్టాననుకుని మర్చిపోయుంటావు."

"లేదండీ, పెట్టాను."

వంటింట్లో కూర కలుపుతున్న అత్తగారి చెయ్యి ఆగింది. నిన్న ఊళ్లో ఓల్టేజీ పడిపోయి టీవీలో సీరియల్ వణికిపోతుంటే, ఆవిడే వరండాలోకి వెళ్లి వ్యాను ప్లగ్గు పీకేసింది. సీరియల్ అయ్యాక పెడదామనుకుని మర్చిపోయింది. ఇప్పుడు చెబితే కొడుకు ఇల్లు పీకి పందిరేస్తాడు. సాయంత్రం కోడలికి మెల్లగా చెబుదాంలే అని ఊరుకుంది.

ఆ కరెంటు వ్యానుని స్కూలువాళ్లు ట్రయల్‌కి తెచ్చారు. పల్లె రోడ్ల మీద పనికొస్తే ఉంచుకుంటామన్నారు. నడపడానికి ముందుకొచ్చింది కోడలొక్కతే. పెళ్లయ్యాక ఆమెకి దొరికిన మొదటి ఉద్యోగం అది. చప్పుడు చెయ్యని బండి కాబట్టి వెనక పిల్లల కబుర్లన్నీ వినబడతాయని మురిసిపోయేది.

రానూపోనూ సరిపోతుందిలే అనుకుని బయల్దేరింది. సరిపోలేదు. సాయంత్రం పొలాల మధ్య వ్యాను ఆగిపోయింది. ఆ దారిలో ఛార్జింగ్ పెట్టుకునే చోటే లేదు. అందరికంటే చిన్నపిల్లని చంకనెత్తుకుని, మిగతా పిల్లల్ని వానలో నడిపించుకుంటూ ఊరికి చేర్చింది.

మర్నాడు స్కూలు మేనేజరు తాళాల కోసం ఇంటికొచ్చాడు. "ఈ బండ్లు మన ఊళ్లకి పనికిరావమ్మా. మీరైనా ఛార్జింగ్ చూసుకోవద్దా?"

"చూసుకున్నానండీ. అత్తయ్యా, నేను ప్లగ్గు పెట్టడం మీరు చూశారు కదా?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేను గమనించలేదమ్మా" అందావిడ.

కోడలు తల దించుకుంది. "అయితే నేనే మర్చిపోయానేమోనండీ."

ఆ తర్వాత ఆమె చేసిన పనినే మళ్లీ మళ్లీ చూసుకోవడం మొదలుపెట్టింది. గ్యాస్ కట్టేశానా అని వంటింట్లోకి, గొళ్లెం పెట్టానా అని వాకిట్లోకి తిరిగేది. ఒక మధ్యాహ్నం స్టవ్ ముందు అలా నిలబడిపోయిన కోడల్ని చూసి అత్తగారి మనసు కలుక్కుమంది.

"ప్లగ్గు నేనే పీకానమ్మా, సీరియల్ కోసం. నువ్వడిగినప్పుడు నోరు పెగల్లేదు."

కోడలు స్టవ్ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"బండి పోతే పోయింది అత్తయ్యా. నాకు మతి తప్పుతోందని భయపడి చస్తున్నాను. ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

అత్తగారు అప్పటికప్పుడు కొడుకుని పిలిచి జరిగింది చెప్పింది. అతను భార్య మొహంలోకి చూడలేకపోయాడు. మేనేజరుకీ ఫోను చేయించి తనే మాట్లాడింది. వ్యాను కంపెనీకి వెళ్లిపోయిందట. పల్లెలకి పనికిరాదని రాసి పంపేశారట.

"తప్పు బండిది కాదు బాబూ. మా కోడలిది అసలే కాదు" అందావిడ. ఫోను పెట్టేసి అక్కడే మంచమ్మీద కూర్చుంది.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారి చెయ్యి పట్టుకుంది.