సాంబారు సాక్ష్యం

తిరుపతిలో టీ కొట్టు ముందు, ఆపి ఉంచిన స్కూటర్ మీద కూర్చుని కృపామణి టీ తాగుతోంది. ఎదురుగా గుణశేఖర్ మెస్సులో పోయించుకున్న సాంబారు బకెట్‌ను తన స్కూటర్ ముందు కొక్కేనికి తగిలించి, బండి స్టార్ట్ చేశాడు. మూడు సెకన్లలో ఆమెకు కుడి చెయ్యి, అతనికి ఎడమ చెయ్యి విరిగాయి.

"ఏమప్పా, కండ్లు కనపడవా? నిలబడిన బండిని గుద్దినావే!"

"నీదే నిలబడిందని ఎట్ల చెప్తావు? నా వైపు నుంచి చూస్తే నేనే నిలబడినాను. నువ్వు వచ్చినావు."

గుణశేఖర్ కోచింగ్ కాలేజీలో, యూట్యూబ్ వీడియోల్లో ఫిజిక్స్ చెబుతాడు. చలనం సాపేక్షమని ఆరేళ్ళుగా చెబుతున్నాడు. పిల్లలెవరూ ఎదురు చెప్పలేదు. వాళ్ళకు మార్కులు కావాలి.

కృపామణి సత్యవేడులో సర్వేయర్. పాతిన రాయి కదలదన్న నమ్మకం మీద జీతం తీసుకుంటోంది. నొప్పిలోనూ ఎడమ చేత్తో ఫోటోలు తీసింది. కొలతకు పోయిన ప్రతిచోటా తీయడం అలవాటు.

ఇద్దరూ విరిగిన ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు వెళ్ళారు. వారానికొకటి, మూడు కట్లు పడతాయన్నాడు కట్టు కట్టే దేవరాజులు. "చెయ్యి కదపకూడదు."

"భూమే తిరుగుతాంది గదా పెద్దాయనా, కదపకుండా ఎట్ల?" అన్నాడు గుణశేఖర్.

"భూమికి నేను కట్టు కట్టలేదప్పా."

కృపామణి నవ్వింది. ఆ వారం గుణశేఖర్ రెండు లెక్కలు తప్పు చేశాడు.

రెండో కట్టుకు ముందే వచ్చి, బెంచీ మీద ఆమె పక్కన చోటు పట్టుకున్నాడు. రాయి కదలదని ఆమె. రాయితో పాటు సత్యవేడు మొత్తం సూర్యుడి చుట్టూ పోతోందని అతను.

"తప్పు నాదే అని ఒక్క మాట చెప్పు, చాలు."

"ఫిజిక్స్ ఒప్పుకోదు."

మూడోది చివరి కట్టు. ఆ తర్వాత కలవడానికి కారణం లేదు. గుణశేఖర్ ఆ రోజు భూమి ప్రస్తావన తేలేదు.

కృపామణి ఫోన్ చాపింది. ఫోటోలో అతని ప్యాంటు మోకాళ్ళ మీద సాంబారు.

"నేను వచ్చి గుద్దింటే సాంబారు ముందుకు పోవాల. వెనక్కి, నీ మీదికి వచ్చింది. అంటే నువ్వు బండిని ఒక్కసారిగా ముందుకు ఎగిరించినప్పుడే ఒలికింది. నీ వీడియో చూసే నేర్చుకున్నాను సారూ. రెండో చాప్టర్."

వేగం మారితే దాచలేమని ఆ చాప్టర్‌లో చెప్పింది అతనే. ఫోటో చాలాసేపు చూశాడు.

"నేనే కదిలినాను. తప్పు నాదే." ఆమె వైపు తిరిగాడు. "ఇది మొదటి రోజే చూపించొచ్చు గదా?"

"చూపించింటే రెండో కట్టుకు నా పక్కన కూర్చునేవాడివా?"

గుణశేఖర్ ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "మళ్ళా యాడ కలిసేది?" అన్నాడు.

"సత్యవేడు సర్వే ఆఫీసు. నేను కదలను. నువ్వే రావాల."

సోమవారం అతను సెలవు పెట్టి బస్సెక్కాడు. యాడికని కండక్టర్ అడిగాడు.

"సత్యవేడు," అన్నాడు గుణశేఖర్. "ఆమె కదలదంట."