నవసిరి మార్ట్ అప్పు, గంగులు పడవ

పొద్దున్నే కళింగపట్నం ఒడ్డున గున్నమ్మ ఎండుచేపల బస్తాలకు మూతులు కుడుతోంది. పదింటికి లారీ వస్తుంది. నవసిరి మార్ట్ అంటే మాటలా! ఊరూరా అద్దాల షాపులున్న ఆ కంపెనీ వీళ్ళ సరుకంతా కొంటానంది. డబ్బులు మాత్రం మూడు నెలలు పోయాక ఇస్తుందట. ఆమె మొగుడు గంగులు ఏజెంటుకి మాట కూడా ఇచ్చేశాడు.

బీకాం చదువుతున్న కూతురు ఝాన్సీ ఫోను పట్టుకుని ఇసకలో పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, లారీ వద్దని సెప్పీ! నవసిరోళ్ళ లెక్కల నివేదిక సదివినాను."

"ఏటే, తిన్నగా సెప్పు."

"ఆళ్ళ సొంత డబ్బు రూపాయైతే, ఏళ్ళ తరబడి తీర్సాల్సిన అప్పు ఏడు రూపాయలు! మూడేళ్ళ కితం రెండే. కొత్తప్పు తెచ్చి పాతప్పు కడతన్నారు. రేపు తేడా వస్తే ముందు అప్పిచ్చినోళ్ళు పట్టుకుపోతారు. మనకేటి మిగుల్తాది?"

గంగులుకి కోపం నషాళానికి అంటింది. "రెండొందల షాపులున్నోడికి వంకలెడతావా? నా మాటేటైపోద్ది?"

"మన పడవ కొన్ననాడు పైన రంగు సూసినావా, అడుగుపలక కొట్టి సూసినావా? నేనూ అదే సేసినాను!"

గున్నమ్మ సూది పక్కన పెట్టింది. "మర్సిపోయినావా మావా? ఇంజనుకి షావుకారి కాడ అప్పు సేసి, ఎనిమిదేళ్ళు ఆడు సెప్పిన రేటుకే సేపలిచ్చినావు. అప్పున్నోడి సేతిలో ఏటుంటాది?"

ఆ ఎనిమిదేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ గంగులుకి సిగ్గే. మెల్లగా ఫోను తీసి ఏజెంటు ధర్మేంద్రకి చేశాడు.

"బాబూ, కాటా కాడే డబ్బులియ్యాల. నేదంటే లారీ రానక్కర్నేదు."

అవతలి మనిషి నసిగి నసిగి పెట్టేశాడు.

"పోనీ. సీపురుపల్లి సంతకి ఏసుకుపోదాం" అంది గున్నమ్మ, గుండె మీంచి బరువు దిగినట్టు.

గంగులు మాత్రం కూతురి దగ్గరే నిలబడిపోయాడు. "అమ్మా, ఆ లెక్క మన పడవకి కట్టగలవేటి?"

ఝాన్సీ అక్కడే కూర్చుని ఇసకలో వేలితో రాసింది. "పడవ, వల, ఇంజను కలిపి ఆరు లక్షలు. బ్యాంకుకి ఇంకా నాలుగేళ్ళు కట్టాల్సింది లక్ష. అంటే సొంతం అయిదు. రూపాయికి ఇరవై పైసలే అప్పు! నాన్నా, నవసిరి కంటే మనమే గట్టిగా ఉన్నాం!"

గంగులు ఆ అంకెల్ని రెండుసార్లు చూశాడు. అప్పులోడినన్న మాట ఇన్నేళ్ళూ అతని మెడ వంచేసింది. లేచి గబగబా పడవ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ దాని మీద వేశాడు.

"ఒసే గున్నమ్మా, ఇది మనదేనే!" అని అరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతూనే ఉన్నాడు.