పోయొస్తా అత్తా

"ఫ్రిజ్‌లో కరివేపాకు పెట్టుకోని మళ్లీ కొనేదానికి పోతావెందుకు?" అన్నాడు బాలచంద్ర, పేపరు దించకుండానే.

"అది వాడిపోయింది. సినిమా డైరెక్టరు భోజనానికొస్తుంటే వాడిపోయిన ఆకుతో తిరగమాత పెట్టమంటారా?"

"మా అన్న ఎట్లాగూ ఏరి పక్కన పెట్టేస్తాడులే."

"మీరేదో నమిలి తింటున్నట్టు!"

రాజశ్రీ సంచి తీసుకుంది. గడప దాటుతూ అలవాటుగా వెనక్కి తిరిగి, "పోయొస్తా" అంది.

లోపల్నుంచి కూతురు రూపశ్రీ గొంతు బొంగురు చేసి, "పోయిరా తల్లీ! వస్తా వస్తా నాకో బీడీకట్ట!" అని అరిచింది. బాలచంద్ర పకపకా నవ్వాడు. రాజశ్రీ మెట్టు మీదే ఆగిపోయింది.

అది బావగారు ఏకాంబరం కొత్త సినిమాలోని మాట. ఎన్నో ఏళ్లుగా సినిమాలు తీస్తున్న ఆయన, ఈ వయసులో సరదాగా ఒక హాస్యచిత్రం తీశాడు. నిన్న తిరుపతిలో అందరూ కలిసి చూశారు. అందులో ఒక ఇల్లాలు బయటికి వెళ్లినప్పుడల్లా ఖాళీ ఇంటికి "పోయొస్తా" అని చెబుతుంది. లోపల్నుంచి దయ్యం బదులిస్తుంది. హాలంతా ఈలలు. "మా ఇంట్లోనూ ఉండాదప్పా ఇట్లాంటి పిచ్చిది!" అని వెనక వరసలో ఎవరో అరిచారు. రాజశ్రీ పక్కకు చూసింది. భర్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడు.

రాజశ్రీ వాళ్ల ఇంటి లోపలి గదిలో అత్త సుబ్బులమ్మ పక్షవాతంతో చాలాకాలం మంచాన ఉంది. మాట పడిపోయింది. కోడలు "పోయొస్తా అత్తా" అంటే, స్టీలు గ్లాసుతో మంచం పట్టీ మీద ఒక్కసారి ఠంగుమనిపించేది. విన్నానని అర్థం. ఆమె పోయాక గ్లాసు చప్పుడు ఆగింది కానీ రాజశ్రీ మాట ఆగలేదు. నిరుడు తిరుమల దర్శనానికొచ్చి అదే గదిలో పడుకున్న ఏకాంబరం అది విన్నాడు. ఎందుకని అడగలేదు, నవ్వుకున్నాడు.

కరివేపాకు కొని తిరిగి వస్తూ రాజశ్రీ ఒకటే అనుకుంది. ఈరోజు బావ మొహాన నవ్వు మిగలకూడదు.

మధ్యాహ్నం రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, వంకాయ పులుసు. అన్నీ అత్త చేసినట్టే చేసింది. ఏకాంబరం హుషారుగా ఉన్నాడు. సాయంత్రం ఊళ్లో కళాభిమానులు ఆయనకు సన్మానం పెట్టుకున్నారు.

"గూడూరులో ఆ సీను మళ్లీ వెయ్యమని గోల చేసినారంట అబ్బా! సత్యవేడులో జనం కుర్చీలెక్కినారంట. అంతా నీ చలవే రాజశ్రీ. నిన్ను చూసే రాసినాను."

"ఊరిబిండి ఎట్లుంది బావా?"

"అచ్చం అమ్మ చేసినట్టే ఉండాది."

"ఆమె నేర్పిందే, నోరు పడిపోకముందు." రాజశ్రీ ఆయన కంచంలో రెండో ముద్ద పెట్టింది. "నేను పోయొస్తా అని ఎవరికి చెప్తానో అడిగినారా మీరు?"

"ఏదో అలవాటనుకున్నా..."

"మీ అమ్మకు."

ఏకాంబరం చెయ్యి పులుసులోనే ఆగింది. గ్లాసు సంగతి రాజశ్రీ మెల్లగా, ఒక్క మాట మింగకుండా చెప్పింది.

"నాకు తెలీదమ్మా... ఆ సీను తీసేయిస్తా."

"ఎందుకు? జనానిదేం తప్పు? వాళ్లకూ తెలీదు. మంచాన ఉన్నప్పుడు ఒక్కసారొచ్చుంటే మీకు తెలిసేది. సాయంత్రం కుటుంబం తరఫున మాట్లాడమని నన్ను పిలిచినారు. రాననుకున్నాను. వస్తాను. ఆ గదిలో ఎవరుండిరో, పెద్దకొడుకు ఎన్నిసార్లు వచ్చినాడో మైకులోనే చెప్తాను. అప్పుడూ నవ్వుతారేమో చూస్తాం."

"రాజశ్రీ! ఇంటి పరువు..." అన్నాడు బాలచంద్ర.

"ఆయనకు తెలీదు. మీకు తెలుసు. తెలిసీ నవ్వినారు."

బాలచంద్ర తల వంచుకున్నాడు. రూపశ్రీ కళ్లు నిండాయి. ఏకాంబరం ఎంగిలి చేత్తోనే లేచి, లోపలి గది గడప దగ్గరికి వెళ్లాడు. గదిలోకి చూశాడు.

"అమ్మా... పోయొస్తా."

రాజశ్రీ చేతిలో స్టీలు గ్లాసు ఉంది. ఆయన వెనక్కి తిరిగి దాన్నే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా.

ఆమె గ్లాసును చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

"రూపా, నా పట్టుచీర ఇస్త్రీ చెయ్యి. సాయంత్రానికి కావాల."